కోచ్‌ను తిట్టిన తిట్టు కొడుక్కి తగిలింది

ప్రశ్న: మేం అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ పక్కన డబ్లిన్‌లో ఉంటాం. మావారు ఒహాయో స్టేట్ యూనివర్సిటీలోనే ఎమ్మెస్ చేశారు. మా అబ్బాయి ఇప్పుడు అక్కడే మూడో ఏడాది చదువుతున్నాడు. ఇద్దరికీ ఆ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ అంటే ప్రాణం. వాడి చిన్నప్పటి నుంచీ సీజన్‌లో శనివారం వచ్చిందంటే తండ్రీకొడుకులు టీవీ ముందే. మొన్న డిసెంబర్ 31 రాత్రి నాలుగు కుటుంబాలను భోజనానికి పిలిచాం. ఆ రాత్రే కాటన్ బౌల్ అనే నాకౌట్ ఆటలో మా టీమ్ మయామీ చేతిలో 24-14తో ఓడిపోయింది. మావారు అందరి ముందూ కోచ్ ర్యాన్ డేని నానా మాటలూ అన్నారు. ‘అసలైన ఆట గెలవలేనివాడు ఎన్ని గెలిస్తే ఏం లాభం, పీకి పారేయాలి’ అన్నారు. అబ్బాయి కోచ్‌ను వెనకేసుకొచ్చాడు. మాటా మాటా పెరిగి, ‘నువ్వేం గెలిచావు డాడీ లైఫ్‌లో?’ అనేశాడు. ఒంటిమీదున్న ఎర్ర జెర్సీ విప్పి సోఫాలో పడేసి, పన్నెండు కాకముందే కారు తీసుకుని క్యాంపస్‌కు వెళ్లిపోయాడు. అప్పటి నుంచి తండ్రి ఫోన్ ఎత్తడం లేదు. నాతో మాట్లాడతాడు. 2024 నవంబర్‌లో చిరకాల ప్రత్యర్థి మిషిగన్ యూనివర్సిటీ చేతిలో ఓడినప్పుడూ ఇంట్లో ఇదే గోల. జనవరిలో నేషనల్ ఛాంపియన్‌షిప్ గెలవగానే మావారు ‘మన కోచ్ మామూలోడు కాదు’ అంటూ అందరికీ ఫోన్లు చేశారు. దానికీ వాడు మూతి ముడుచుకున్నాడు. ఒక ఆట కోసం ఇంత గొడవా? ఇంట్లో ఆ చానల్స్ తీసేయిస్తే బాగుపడతారా? ఇంకో మాట. రెండో ఏడాదిలో వాడికి రెండు సబ్జెక్టుల్లో సి గ్రేడ్ వచ్చింది. కంప్యూటర్ సైన్స్ వదిలేసి స్టాటిస్టిక్స్‌కు మారాడు. మావారు సరే అన్నారు కానీ, ఇంటికి ఎవరొచ్చినా ‘హైస్కూల్లో వీడు టాపరండీ’ అంటుంటారు.

జవాబు: చానల్స్ తీసేయించకండమ్మా. ఆ ఇద్దరికీ మధ్య మిగిలిన దారి అదొక్కటే. దాన్నీ మూసేస్తే రేపు మాట కలపడానికి వంక కూడా ఉండదు.

ముందు ఆట సంగతి చూద్దాం. ‘పిచ్చి ఆట’ అని మీరు పక్కన పెట్టేస్తే వాళ్లిద్దరూ దేనికి కొట్టుకుంటున్నారో మీకు అంతుపట్టదు. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ మన కాలేజీల్లో వార్షికోత్సవం ఆటల్లాంటిది కాదని మీకూ తెలుసు. మీ ఊళ్లోని ఒహాయో స్టేడియంలోనే లక్ష మందికి పైగా కూర్చుంటారు. మిషిగన్‌తో ఆట ఉన్న వారం క్యాంపస్‌లో బోర్డుల మీద ‘ఎం’ అక్షరం ఎక్కడ కనబడితే అక్కడ ఎర్ర టేపుతో కొట్టేస్తారు. జాన్ కూపర్ అనే కోచ్ 1988 నుంచి 2000 సీజన్ దాకా అక్కడ పనిచేసి 111 ఆటలు గెలిపించారు. మిషిగన్ మీద మాత్రం 13 ఆటల్లో గెలిచింది రెండే, ఒకటి డ్రా. చివరికి ఆయన్ను తీసేశారు, జనం ఇప్పటికీ ఆయన పేరు చెబితే ఆ లెక్కే ఎత్తుతారు. అంటే ‘అసలైన ఆట’ అనే కొలత మీవారు సొంతంగా కనిపెట్టింది కాదు. ఆ ఊరిదే.

2024లో జరిగింది కూడా మామూలు ఓటమి కాదు. అప్పటికే ఆ సీజన్‌లో ఐదు ఆటలు ఓడిన మిషిగన్, నవంబర్ 30న కొలంబస్‌కే వచ్చి 13-10తో గెలిచింది. వరుసగా నాలుగోసారి. విసిరిన బంతిని అందుకునే రిసీవర్లలో దేశంలోకెల్లా మంచివాళ్లను చేతిలో పెట్టుకుని, ఎదుటివాళ్లు బలంగా ఉన్న మధ్య భాగంలోకే బంతిని మళ్లీ మళ్లీ ఎందుకు పరిగెత్తించారని అభిమానులు మండిపడ్డారు. అడగాల్సిన ప్రశ్నే. మొన్నటి కాటన్ బౌల్‌లోనూ అంతే. ఎప్పుడు ఏ ఎత్తుగడ ఆడాలో చెప్పే పని ఆ ఆటకు డే తన చేతిలోకి తీసుకున్నారు. కాబట్టి ఓడినప్పుడు వేలు ఆయన వైపే చూపిస్తారు. ఏడాదికి కోటి డాలర్లకు పైగా జీతం తీసుకునే మనిషి ఆ మాత్రం ప్రశ్నలకు సిద్ధపడే ఉంటాడు. ఇక్కడి దాకా మీవారి తప్పేమీ లేదు.

మీ అబ్బాయి వాదన కూడా తీసిపారేసేది కాదు. ఆ 2024 ఓటమి నాటికి డే లెక్క 66 గెలుపులు, 10 ఓటములు. అదే కోచ్, అవే కుర్రాళ్లు, మూడు వారాల తర్వాత టెన్నెసీని 42-17తో, జనవరి 1న ఒరెగాన్‌ను 41-21తో, తర్వాత టెక్సస్‌ను 28-14తో ఓడించి, జనవరి 20న నోటర్‌డామ్ మీద 34-23తో టైటిల్ కొట్టారు. నవంబర్‌లో జనం మాట విని తీసేసి ఉంటే ఆ టైటిల్ ఎక్కడిది అని మీ అబ్బాయి అడిగితే, దానికి మీవారి దగ్గర జవాబు ఉండదు. 2025 నవంబర్‌లో మిషిగన్‌ను వాళ్ల గడ్డ మీదే 27-9తో ఓడించారు కూడా. నెల తిరగ్గానే మీవారు మళ్లీ ‘పీకేయాలి’ దగ్గరికే వచ్చారు.

ఈ వాదన ఇంతవరకే అయితే తండ్రీకొడుకులు హాయిగా పోట్లాడుకుని, పొద్దున లేచి కలిసి కాఫీ తాగేవాళ్లు. మీవాడు జెర్సీ విప్పేసి వెళ్లిపోయాడు. కోచ్ మీద అభిమానంతో ఎవరూ అంత పని చేయరు.

మీరు చివర్లో ‘ఇంకో మాట’ అంటూ రాశారే, ఉత్తరంలో నేను ఎక్కువసేపు చదివింది అదే. ‘అసలైన ఆట గెలవలేనివాడు ఎన్ని గెలిస్తే ఏం లాభం’ అన్న మాటను ‘హైస్కూల్లో వీడు టాపరండీ’ పక్కన పెట్టి, ఇరవై ఏళ్ల కుర్రాడి చెవులతో ఒకసారి వినండి. రెండు సి గ్రేడులు తెచ్చుకుని, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకుని, తండ్రి పైకి సరే అన్నా లోపల ఏమనుకుంటున్నాడో తెలియక తిరుగుతున్న పిల్లవాడు వాడు. ‘హైస్కూల్లో టాపర్’ అంటే మీవారికి గర్వం. వాడికి మాత్రం ‘అప్పట్లో బాగుండేవాడు’ అని వినబడుతుంది. ఆ పైన నలుగురి ముందూ కోచ్‌కు శిక్ష వేస్తుంటే తన సంగతే తేలుస్తున్నట్టు అనిపించి ఉంటుంది. కూతుర్ని తిట్టి కోడలికి చెప్పినట్టన్నమాట. మీవారికి ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు, వినే కోడలికి ఆ తేడా తెలియదు.

ఇంకొకటి. ఆ ఆడేవాళ్లు మీవాడి ఈడువాళ్లు. కొందరు వాడితో పాటే క్లాసులో కూర్చుంటూ ఉండొచ్చు. టీవీ ముందు ‘పనికిరాని వెధవ’ అని మనం అనేసేది చాలాసార్లు ఇరవై నిండీ నిండని పిల్లల్ని. మనకు ఆ తెర మీద హెల్మెట్లు కనబడతాయి. మీవాడికి తోటి విద్యార్థులు కనబడతారు.

మరి జనవరి గెలుపుకు వాడు ఎందుకు మూతి ముడిచాడు? నవంబర్‌లో అన్న మాటకు లెక్క చెప్పకుండానే నాన్న సంబరాల్లోకి దూకేశారు కాబట్టి. ఇది మీవారి ఒక్కరి గుణం కాదు. రాబర్ట్ చియాల్డినీ అనే సైకాలజిస్టు బృందం 1976లో దీని మీద పరిశోధన ప్రచురించింది. చూసిన ఏడు యూనివర్సిటీల్లో మీ ఒహాయో స్టేట్, ఆ మిషిగన్ రెండూ ఉన్నాయి. శనివారం టీమ్ గెలిస్తే సోమవారం క్లాసుకు కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చేవాళ్లు పెరిగారు. గెలుపు గురించి చెప్పేటప్పుడు ‘మనం’ అనడం ఎక్కువైంది, ఓటమి దగ్గర తగ్గింది. గెలిస్తే అందరం, ఓడితే వాళ్లు. అభిమానుల్లో ఇది సహజమే, ఎవరికీ నష్టం లేదు. ఇంట్లో తండ్రి ఇలా చేస్తే మాత్రం పిల్లలకు భయం పట్టుకుంటుంది. నేను గెలిస్తేనే వీళ్లు నావాళ్లా అని.

మీవారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆయన్ను దుర్మార్గుణ్ని చేయడం నాకిష్టం లేదు. చేతిలో రెండు సూట్‌కేసులతో ఆ ఊళ్లో దిగిన ఎమ్మెస్ కుర్రాడికి, తెల్లవాళ్లతో నిండిన ల్యాబులోనో ఆఫీసులోనో సోమవారం పొద్దున మాట్లాడుకోవడానికి ఒక విషయం ఇచ్చింది ఆ టీమే అయివుంటుంది. ఆ ఊరివాడు అనిపించుకోవడానికి ఆయన నేర్చుకున్న మొదటి భాష అది. దానికి తోడు, పరీక్ష రాసి ఇంటికొచ్చిన పిల్లవాణ్ని ‘ఎన్ని పోయాయి’ అని అడిగే ఇళ్లలో పెరిగిన తరం మనది. 98 వస్తే ఆ రెండు ఏమయ్యాయి అనేవాళ్లు. ఎంసెట్ ర్యాంకు ఒక్కటీ చెప్పి మనిషి మొత్తాన్ని తేల్చేసేవాళ్లు. ఆ కొలత, కొలంబస్ కొలత ఆయనలో చక్కగా కలిసిపోయాయి. అందుకే తాను అన్నది కటువైన మాట అని కూడా ఆయనకు తోచి ఉండదు.

ఇక మీరు చేయాల్సింది. ముందుగా, అక్కడి మాట ఇక్కడికీ ఇక్కడి మాట అక్కడికీ మోయడం ఆపండి. ‘నాన్న అలా అనలేదురా’, ‘వాడు లోపల బాధపడుతున్నాడండీ’ అని మీరు సర్దిచెప్పినంత కాలం వాళ్లిద్దరికీ నేరుగా మాట్లాడుకునే పని తప్పుతుంది. అబ్బాయి ఫోన్ చేస్తే తిన్నాడా, ఎలా ఉన్నాడో అడగండి. నాన్న ఊసు వాడు ఎత్తితే ‘అది నాన్నతోనే చెప్పు’ అనండి.

మీవారితో మాట్లాడండి, ఒక్కసారే. భోజనాల దగ్గర కాదు, ఆట గురించిన కబుర్లు నడుస్తున్నప్పుడూ కాదు. కారులో ఇద్దరే వెళ్తున్నప్పుడు బాగుంటుంది, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. ‘కోచ్ విషయంలో మీరు కరెక్టో కాదో నాకు తెలీదు. మీరన్నది వాడు తనకే తగిలించుకున్నాడేమోనని నాకు అనుమానం. ఔనో కాదో మీరే వాణ్ని అడగండి’ అని చెప్పి ఊరుకోండి. ఆయన వాదిస్తారు. ‘నేనన్నది కోచ్‌నే కదా’ అంటారు. ‘అదే వాడితో చెప్పండి’ అనండి. ఇది నేను ఉత్తరం చదివి చేసిన ఊహే కాబట్టి, నిజానిజాలు చెప్పాల్సింది మీ అబ్బాయే.

ఎత్తని ఫోన్‌కు పదే పదే రింగులు ఇవ్వడం కన్నా ఆయన్ను ఒక మెసేజ్ పెట్టమనండి. పొడుగ్గా వద్దు. ‘ఆ రాత్రి అందరి ముందూ నీతో అలా వాదించి ఉండకూడదు. నీ చదువు గురించి వచ్చినవాళ్ల దగ్గర మాట్లాడటం ఇక మానేస్తాను. శనివారం క్యాంపస్‌కు వస్తాను, నీకు వీలైతే కలిసి తిందాం.’ అంతే. చివర్లో ‘కానీ నువ్వు కూడా’ అని ఒక్క ముక్క తగిలించినా మొత్తం పాడవుతుంది. ఆ రెండో వాక్యం రాయడం ఆయనకు అన్నిటికన్నా కష్టం. రాసినా రాయకపోయినా మీ ఇంట్లో అది నియమం కావాలి. పిల్లవాడి గ్రేడులు, మేజరు, పాత ర్యాంకులు అతిథులకు వడ్డించే పదార్థాలు కావు. పొగడ్తగానైనా సరే. ఆయన మర్చిపోతే మాట మార్చాల్సింది మీరు.

కలిసినప్పుడు స్టాటిస్టిక్స్‌లో వాడు ఏం నేర్చుకుంటున్నాడో అడగమనండి. ఉద్యోగం ఎంత వస్తుందని కాకుండా, విషయమే అడగమనండి. నిజానికి వాళ్లిద్దరి గొడవకు ఆ సబ్జెక్టులో సగం సమాధానం ఉంది. మంచి నిర్ణయం తీసుకున్నా ఓడిపోవచ్చు, చెత్త నిర్ణయంతోనూ గెలవొచ్చు, ఒక్క ఆటను బట్టి కోచ్ సత్తా ఎంతవరకు తేల్చగలం అన్నది వాడు అంకెలతో చెప్పగలడు. నాలుగో డౌన్‌లో, అంటే బంతిని ముందుకు తీసుకెళ్లే చివరి ప్రయత్నంలో, కిక్ కొట్టాలా, ముందుకే వెళ్లాలా అన్నది టీమ్‌లు ఇప్పుడు ఆ లెక్కలు చూసే ఆలోచిస్తున్నాయి. తండ్రికి తెలియనిది కొడుకు చెప్పే అవకాశం ఇంతకన్నా బాగా దొరకదు.

మీ అబ్బాయిని కూడా పూర్తిగా వదిలేయలేను. ‘నువ్వేం గెలిచావు’ అన్నది చిన్న మాట కాదు. ఇల్లూ ఊరూ వదిలి వచ్చి నిలదొక్కుకున్న మనిషిని వచ్చినవాళ్ల ముందు అడిగిన మాట. తండ్రి ముందు అడుగు వేశాక, వాడు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అది మీరు చెప్పించకండి. ఒక నెల చూడండి. అప్పటికీ రాకపోతే ‘ఆ ఒక్క మాట నాన్నకు బాగా తగిలింది’ అని ఒకసారి చెప్పండి, మళ్లీ ఎత్తకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. వాడు క్లాసులు మానేస్తున్నా, నిద్ర, తిండి బాగా తగ్గినా, ‘నా వల్ల ఏదీ కాదు’ లాంటి మాటలు పదే పదే అంటున్నా యూనివర్సిటీలోని కౌన్సెలింగ్ సర్వీస్‌కు వెళ్లమనండి. చనిపోవాలన్న ఆలోచన మాటల్లో తొంగిచూస్తే 988 హెల్ప్‌లైన్ నంబర్‌కు రోజులో ఎప్పుడైనా కాల్ చేయొచ్చు. పరువు గురించి ఆలోచించకండి. కోచ్ డే చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే ఆయన తండ్రి ఆత్మహత్య చేసుకున్నారు. ఆ సంగతి డే దాచుకోలేదు, భార్యతో కలిసి పిల్లల మానసిక ఆరోగ్యం కోసం మీ ఊళ్లోనే పనిచేస్తున్నారు. మీవారు టీమ్ ఓడినప్పుడల్లా రాత్రంతా మేలుకుని, రెండు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకపోవడం, తాగడం లాంటివి ఉంటే ఆయనా ఎవరినైనా కలవాలి. ఉత్తరంలో మీరు అవేవీ రాయలేదు కాబట్టి లేవనే అనుకుంటున్నాను.

ఆ మెసేజ్‌కు జవాబుగా వాడి దగ్గర్నుంచి ఉత్త ‘ఓకే’ ఒక్కటే రావొచ్చు. దానికి మీవారు నొచ్చుకుంటారు. ప్రస్తుతానికి ఆ ‘ఓకే’ చాలని చెప్పండి. శనివారం ఆయన్ను ఒక్కరినే పంపండి, మీరు వెళ్లకండి. డబ్బాలో వాడికి ఇష్టమైనదేదైనా పెట్టి ఇవ్వడానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు.