మొదటి తుపాకి ఎక్కడ కొనాలని అడిగిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మెసేజ్, దానితోపాటు ఫాదర్స్ డే తగ్గింపు ధరల కరపత్రం ఫొటో రెండూ చూశాను. గ్రీన్ కార్డు వచ్చి, ఇక్కడ టెక్సస్‌లోని కేటీలో ఇల్లు కొనుక్కుని, ఈ సెప్టెంబరులో నాతోపాటు గువ్వల వేటకు రావాలనుకోవడం నాకు సంతోషమే. వేటకు షాట్‌గన్ అనే పొడవాటి తుపాకి ఒకటి, ఇంట్లో ఉంచుకోవడానికి పిస్టల్ ఒకటి కొనాలనీ, పెద్ద చైన్ స్టోర్లో కొనాలో వీధి చివర ఉన్న చిన్న గన్ షాపులో కొనాలో చెప్పమనీ అడిగావు. నా జవాబు ఇది: మొదటి తుపాకిని చిన్న షాపులోనే కొను; తూటాలు, చెవులకు మఫ్‌లు, కళ్లద్దాలు, ఇనప్పెట్టె పెద్ద స్టోర్లో కొను. రెండు తుపాకులు ఒకేసారి కొనవద్దు. ముందు షాట్‌గన్ కొను. పిస్టల్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం.

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నది. 1994లో ఈ దేశానికి వచ్చినవాణ్ణి, 2001లో మొదటి షాట్‌గన్ కొన్నాను. అదీ ఒక పెద్ద చైన్ స్టోర్లోనే, ఇలాంటి కరపత్రం చూసే. కౌంటర్ దగ్గర ఉన్న కుర్రవాణ్ణి ఆ రోజు చేపల గాలాల విభాగం నుంచి పంపారు; ఆ సంగతి అతనే చెప్పాడు, పాపం దాచలేదు. ట్రిగ్గర్‌కు తాళం వేసి ఉన్న తుపాకిని చేతికిచ్చి, భుజానికి ఎత్తి చూసుకోమన్నాడే గాని ఎలా ఎత్తాలో చెప్పలేదు, నాకూ తెలియదు. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. ఆ తుపాకి మడమ, అంటే భుజానికి ఆనించే చివర, నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న దూరం సుమారు 14 అంగుళాలు. ఈ దేశంలో మామూలు షాట్‌గన్లను సగటు ఎత్తున్న ఇక్కడి మగవాళ్ల కొలతకు అలాగే తయారు చేస్తారు. 25 తూటాల డబ్బా ఒకటి అయ్యేసరికి నా భుజం కమిలి, వారం రోజులు చొక్కా తొడుక్కోవడమే కష్టమైంది. వెనక్కి ఇచ్చేద్దామని వెళితే, ఒకసారి గుమ్మం దాటిన తుపాకిని తిరిగి తీసుకోబోమని రసీదు మీద ముద్రించి ఉన్న వాక్యం చూపించారు.

అప్పుడు ఒక చిన్న షాపుకు వెళ్లాను. కౌంటర్ వెనక ఉన్న ముసలాయన తుపాకిని అందుకోగానే నాతో మాట కూడా కలపకుండా గొట్టాన్ని గోడవైపు తిప్పి, బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కంటితో చూసి, మళ్లీ చిటికెనవేలు పెట్టి తడిమి, ఖాళీయేనని తేల్చుకున్నాకే తలెత్తి పలకరించాడు. తర్వాత నన్ను మోచేయి మడిచి పట్టుకోమని, తుపాకి మడమను ఆ మడతలో ఆనించి, చూపుడువేలు ట్రిగ్గర్‌ను ఎక్కడ తాకుతుందో చూశాడు. వేలి కొస మాత్రమే అందింది. మడమను ముప్పావు అంగుళం కోసి, చివర మెత్తటి రబ్బరు ప్యాడ్ బిగించి ఇచ్చాడు. స్టోర్లో మిగిలిందనుకున్న తగ్గింపు అంతా ఆ కూలికే పోయింది. ఆ షాట్‌గన్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అయితే పెద్ద స్టోర్లను తీసిపారేయకు. మీ కేటీలోనే ప్రధాన కార్యాలయం ఉన్న అకాడమీ గాని, బాస్ ప్రో గాని, 2017లో బాస్ ప్రో చేతికి వచ్చిన కబేలాస్ గాని, ధర చీటీ మీద ఏది ఉంటే అదే తీసుకుంటాయి. మన మొహం చూసి ఎక్కువ చెప్పే బెడద ఉండదు. మన ఉచ్చారణ విని చిన్నచూపు చూసే చిన్న షాపులు నాకు తగిలాయి గనుక ఈ సుఖం చిన్నదేమీ కాదు. వాల్‌మార్ట్ వేరే దారిలో వెళ్లింది: 1993లో అలాస్కా తప్ప మిగతా దేశమంతటా హ్యాండ్‌గన్లు అమ్మడం మానేసింది, 2015లో సైనిక రైఫిళ్లను పోలి ఉండే ఏఆర్ తరహా రైఫిళ్లు మానేసింది, 2018లో కొనేవారి వయసును 21కి పెంచింది, 2019 ఆగస్టులో ఎల్ పాసో స్టోర్లో 23 మంది బలైన కాల్పుల తర్వాత పిస్టల్ తూటాలు కూడా మానేసింది. క్రీడా సామగ్రి అమ్మే డిక్స్ సంస్థ కూడా ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ స్కూల్లో జరిగిన కాల్పుల తర్వాత 2018లో అలాంటి రైఫిళ్లు ఆపేసింది. కాబట్టి ఒక్కో చైన్‌లో దొరికేది వేరు. ఇంట్లోంచి బయలుదేరే ముందే ఫోన్ చేసి కనుక్కో.

ఎక్కడ కొన్నా చట్టం ఒక్కటే. పెద్ద స్టోర్ అయినా చిన్న షాపు అయినా ఫెడరల్ లైసెన్స్ ఉండి తీరాలి. నువ్వు 4473 అనే ఫారం నింపి సంతకం పెట్టాలి. వాళ్లు 1998 నుంచి నడుస్తున్న ఎఫ్‌బీఐ తనిఖీ వ్యవస్థలో నీ పేరు అడగాలి. ఆ ఫారం దగ్గరే మనవాళ్లకు చిక్కులన్నీ వస్తాయి. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది, మరొకరికి లైసెన్స్‌లో తండ్రి పేరు మధ్యలో దూరి ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఎలా ఉంటే ఫారంలోనూ అక్షరం తేడా లేకుండా అలాగే రాయి. మధ్య పేరు లేకపోతే ఖాళీ వదలకుండా ‘ఎన్‌ఎమ్‌ఎన్’ (నో మిడిల్ నేమ్) అని రాయాలి. ఒక్క పొడి అక్షరమే ఉంటే దాని పక్కన ‘ఐఓ’ (ఇనీషియల్ ఓన్లీ) అని రాయాలి. అపార్ట్‌మెంట్ నుంచి కొత్త ఇంటికి మారావు గనుక లైసెన్స్ మీద చిరునామా మార్పించుకున్నాకే వెళ్లు. గ్రీన్ కార్డు వెంట తీసుకెళ్లు, దాని మీద ఉన్న నంబర్ ఫారంలో రాయాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వడం తప్పనిసరి కాకపోయినా ఇవ్వడమే మంచిది, ఎందుకంటే నీ పేరుతో ఈ దేశంలో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు.

తనిఖీకి జవాబు మూడు రకాలుగా వస్తుంది: ‘ప్రొసీడ్’ (ఇవ్వవచ్చు), ‘డిలేడ్’ (ఇంకా తేలలేదు, ఆగాలి), ‘డినైడ్’ (ఇవ్వకూడదు). ఫెడరల్ చట్టం ప్రకారం ‘డిలేడ్’ వచ్చాక మూడు పని దినాలు గడిచినా జవాబు రాకపోతే, 21 దాటినవారికి దుకాణదారు తన ఇష్టం మీద తుపాకి ఇవ్వవచ్చు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడికి తుపాకి ఆ దారిలోనే అందింది కాబట్టి, ‘ప్రొసీడ్’ రానిదే ఇవ్వం అనే దుకాణాన్ని తప్పుపట్టలేం. వాల్‌మార్ట్ పద్ధతి అదే. నాకు రెండుసార్లు ‘డిలేడ్’ వచ్చింది. చిన్న షాపాయన నాలుగో రోజు తనే ఫోన్ చేసి జవాబు వచ్చిందని చెప్పాడు; పెద్ద స్టోర్లో అయితే ఎవరితో మాట్లాడాలో తెలుసుకోవడానికే నాకు మూడు ఫోన్లు పట్టాయి. ప్రతిసారీ ఇలాగే జరుగుతుంటే ఎఫ్‌బీఐకి దరఖాస్తు పెట్టుకుని సొంత గుర్తింపు నంబర్ ఒకటి తెచ్చుకోవచ్చు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసిన విషయం. తుపాకి నిజంగా నీకోసమేనా అని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. హెచ్‌1బీ మీద ఉన్న నీ స్నేహితులు, ‘నువ్వు కొను, డబ్బు మేమిస్తాం’ అంటారు. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. హెచ్‌1బీ, ఎఫ్‌1, విజిటర్ వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్స్ వంటి కొద్దిపాటి మినహాయింపులు పోగా, తుపాకి గాని తూటా గాని చేతిలో ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. గురి సాధన చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా అంతే. వాళ్ల తరఫున నువ్వు కొంటే నీదీ నేరమే. 2022 నాటి చట్టం తర్వాత దానికి 15 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. అవతలివాడు కొనడానికి అర్హుడే కదా అని కూడా తప్పించుకోలేవు. వర్జీనియాలో ఒక మాజీ పోలీసు తనకొచ్చే రాయితీ ధరకు దొరుకుతుందని తన అంకుల్ డబ్బుతో ఆయన కోసం గ్లాక్ 19 అనే పిస్టల్ కొని, ఫారంలో అది తనకోసమే అని రాశాడు. ఆ అంకుల్ చట్టప్రకారం తుపాకి కొనుక్కోదగినవాడే. అయినా 2014లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో శిక్షను ఖాయం చేసింది. మామాఅల్లుళ్ల మధ్య కూడా ఈ మొహమాటం పనికిరాదని నేను అందుకే అంటాను.

అదే కారణంగా, మీ అమ్మానాన్నలు, అదే మా అక్క, బావ, ఈ చలికాలం విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు, బావ ఎంత ముచ్చటపడినా తుపాకిని చేతికివ్వకు. మీ తాతగారి కాలంలో పందుల్ని తోలడానికి చేలో నాటు తుపాకి ఉండేదనీ, ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఊళ్లో లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్లో అప్పగించి రావలసివచ్చేదనీ ఆయన చెబుతాడు. కథలు వినిపించమను. దసరాకు ఆయుధ పూజలో పెట్టి ఫొటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పంపడం కూడా వద్దు. నేను ఒకసారి పంపాను, మీ అత్తయ్య ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

చిన్న షాపు అనగానే నమ్మేయమని కాదు. నేను వెళ్లిన ఒక షాపులో, చేతిలో పట్టే చిన్న పిస్టల్ అడిగితే, షెల్ఫులో ఎన్నాళ్లుగానో కదలని పాత సరుకును గొప్పగా వర్ణించి అంటగట్టబోయారు. మంచి షాపును గుర్తుపట్టడానికి నేను చూసేది ఒక్కటే: అమ్మేవాడు తుపాకిని చేతికివ్వబోయే ముందు నీ కళ్లెదుట తెరిచి, ఖాళీ చేసి, తెరిచి ఉంచే ఇస్తాడా లేదా, నువ్వు తిరిగి ఇచ్చినప్పుడు మళ్లీ చూసుకుంటాడా లేదా. ఇది చేయనివాడు ఎంత తక్కువ ధర చెప్పినా నమస్కారం పెట్టి బయటికి వచ్చెయ్యి. రెండో ప్రశ్నగా, వెనక రేంజ్ ఉందా, అద్దె తుపాకులు ఉన్నాయా అని అడుగు. పిస్టల్ కొనే రోజు వచ్చినప్పుడు నాలుగు రకాలు కాల్చి చూడకుండా ఏదీ కొనకూడదు. కొత్త గ్లాక్ 19కి రెండుచోట్లా ధరలో వచ్చే తేడా ఒక్క రోజు రేంజ్ ఖర్చు కూడా ఉండదు. ఆన్‌లైన్లో చౌకగా కనిపించేది కూడా చివరికి ఇలాంటి షాపు కౌంటర్‌కే రావాలి. ఫారం, తనిఖీ చేసి చేతికిచ్చినందుకు వాళ్లు సాధారణంగా 20 నుంచి 50 డాలర్లు తీసుకుంటారు.

తూటాల దగ్గర మాత్రం చిన్న షాపు పెద్ద స్టోర్‌తో ధరలో పోటీపడలేదు. 2020లో దేశమంతా ఎగబడి ఎఫ్‌బీఐ తనిఖీలు 3 కోట్ల 97 లక్షలకు చేరిన ఏడాది, పెద్ద స్టోర్ల అరలు ఖాళీ అయితే, మా షాపాయన పాత ఖాతాదార్ల కోసం మనిషికి రెండేసి డబ్బాలు కౌంటర్ కింద దాచి ఉంచాడు. అందుకని మధ్యమధ్యలో ఆయన దగ్గరా ఒక డబ్బా కొంటూ ఉంటాను.

తుపాకి కన్నా ముందు ఇంటికి రావలసింది ఇనప్పెట్టె. లైసెన్స్ ఉన్న దుకాణదారు హ్యాండ్‌గన్‌తోపాటు తాళం ఇచ్చి తీరాలని 2005 చట్టం ఉంది గాని, షాట్‌గన్‌కు ఆ నియమం వర్తించదు. ఇచ్చినా ఆ కేబుల్ తాళాన్ని నమ్ముకోవద్దు. మీ బుజ్జిగాడికి ఐదేళ్లు. తూటాలు నింపి ఉన్న తుపాకి 17 ఏళ్ల లోపు పిల్లలకు అందేలా వదిలేస్తే టెక్సస్‌లో నేరం. పెట్టెను గోడకు బోల్టులతో బిగించు, తూటాలను వేరే గదిలో వేరే తాళం కింద పెట్టు. మరొక మాట రాయక తప్పదు. ఈ దేశంలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం ఊడినా, ఇంట్లో ఎవరికి మనసు బాగోలేకపోయినా ఆ నెల తుపాకిని మా ఇంట్లో గాని, దాచిపెట్టే సౌకర్యం ఉన్న షాపులో గాని పెట్టు. నేను కారణం అడగను. నీ భార్యకు కూడా ఈ పేరా చదివి వినిపించి, ఆమె సరే అన్నాకే బయలుదేరు.

రేంజ్‌కు తీసుకెళ్లే సంచిని దానికే వాడు. అదే సంచితో ఇండియా విమానం ఎక్కకు. అడుగున కుట్టులో ఇరుక్కున్న ఒక్క తూటా చాలు, 1959 ఆయుధాల చట్టం కింద విమానాశ్రయం నుంచి ఠాణాకు తీసుకెళతారు.

వేట కూడా అనుకుంటున్నావు కాబట్టి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఇప్పుడే మొదలుపెట్టు. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవారందరికీ టెక్సస్‌లో అది తప్పనిసరి. ఉత్తర, మధ్య జోన్లలో గువ్వల సీజన్ సెప్టెంబరు 1న మొదలవుతుంది. జూలై రెండో శనివారం నేను మీ ఇంటికి వస్తాను. ఇద్దరం కలిసి రెండు షాపులు చూద్దాం. కరపత్రంలోని తుపాకి అప్పటికీ నచ్చితే అదే మోడల్‌ను షాపులో భుజానికి ఎత్తి చూడు. ఈలోగా చిరునామా మార్చిన లైసెన్స్ చేతికి వచ్చిందో లేదో నాకు తెలియజేయి.

ఇట్లు,
మీ మామయ్య, ప్లేనో