ఫ్లోరిడా ఇల్లు చలికాలానికి అద్దెకిచ్చే ముందు

ఉద్యోగం న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఉంటుంది, ఇల్లు మాత్రం నేపుల్స్‌లోనో సరసోటాలోనో కొంటారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరాది చలికి తాళలేక దిగివచ్చే స్నోబర్డ్స్‌కి అద్దెకిస్తే ఖర్చుల్లో చాలా భాగం గడిచిపోతుందని లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. ఫ్లోరిడా చట్టం కూడా చాలా రాష్ట్రాల కన్నా యజమాని వైపే కాస్త మొగ్గుతుంది. కాకపోతే ఆ రక్షణ అంతా లీజులో ఏం రాశారు, ఏ తేదీకి ఏ నోటీసు పంపారు అన్నదాని మీదే నిలబడుతుంది. ఫోన్లో మాట్లాడుకుని, జెల్ (Zelle) యాప్‌లో డబ్బు వేయించుకుని తాళం ఇచ్చేసినవాళ్లకు ఆ చట్టం పెద్దగా అక్కరకు రాదు.

ముందు తేల్చుకోవాల్సింది, వచ్చేవాళ్లు అద్దెదారులా, కొద్దిరోజుల అతిథులా అని. నివాస అద్దెలన్నీ ఫ్లోరిడా చట్టాల్లో 83వ అధ్యాయం రెండో భాగం కిందికి వస్తాయి. హోటళ్లు, వెకేషన్ రెంటల్స్ 509వ అధ్యాయం కిందికి వస్తాయి. ముప్ఫై రోజులు లేదా ఒక క్యాలెండర్ నెల, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతకన్నా తక్కువ కాలానికి ఏడాదిలో మూడుసార్లకు మించి ఇచ్చినా, అలా ఇస్తామని ప్రకటించినా రాష్ట్ర లైసెన్సు కావాలి. ఫిబ్రవరి ఒకటి నుంచి ఇరవై ఎనిమిది దాకా ఇస్తే పూర్తి క్యాలెండర్ నెలే కాబట్టి పేచీ లేదు. మూడు నెలల సీజన్ లీజులు మాత్రమే ఇచ్చేవాళ్లకు ఈ లైసెన్సు గొడవ ఉండదు. అయితే లిస్టింగులో 'వారం రోజులకైనా ఇస్తాం' అని ఒక్క ముక్క రాసినా పేచీ మొదలైనట్టే.

లీజులో అద్దెదారు శాశ్వత చిరునామా తప్పకుండా రాయించుకోండి. 509వ అధ్యాయంలో ఒక చట్టపరమైన ఊహ (వేరే సాక్ష్యం లేనంతవరకు నిజమని చట్టం అనుకునేది) ఉంది: ఆ ఇల్లే అతని ఏకైక నివాసమైతే అది మామూలు కాపురం, వేరే చోట ఇల్లుంటే తాత్కాలిక బస. ఎదుటివాళ్లు సాక్ష్యంతో దీన్ని కొట్టేయవచ్చు గానీ, ఒహాయోలో సొంత ఇల్లుందని అతని సంతకంతోనే ఉన్న కాగితం రేపు వివాదం వస్తే మీకు బలం.

పన్ను దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కదా అని ధీమాగా ఉంటారు. ఆరు నెలలు, అంతకన్నా తక్కువ కాలం ఇచ్చే నివాస అద్దె మీద 6 శాతం రాష్ట్ర సేల్స్ టాక్స్ ఉంది. దాని మీద కౌంటీ సర్‌టాక్స్, చాలా కౌంటీల్లో టూరిస్ట్ డెవలప్‌మెంట్ టాక్స్ అదనం. మూడు నెలల లీజుకి లైసెన్సు అక్కర్లేకపోయినా ఈ పన్ను తప్పదు. రెండింటికీ గడువులు వేరు. అద్దెదారు దగ్గర వసూలు చేసి కట్టాల్సిన బాధ్యత మీది. వసూలు చేయడం మర్చిపోతే మీ జేబులోంచి కట్టాలి. తప్పనిసరిగా తీసుకునే క్లీనింగ్ ఫీజు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బుకింగ్ సైట్లు రాష్ట్ర పన్ను కట్టినా, మీ కౌంటీ పన్ను కూడా కడుతున్నాయో లేదో విడిగా చూసుకోవాలి. ఆరు నెలలు దాటిన రాతపూర్వక లీజు నిజంగా ఉంటే మొదటి రోజు నుంచే మినహాయింపు. ఆ మాట పట్టుకుని కాగితం మీద ఏడు నెలలు రాసి మూడు నెలలకే పంపించే తెలివి కొందరికి ఉంటుంది. ఆడిట్‌లో అది నిలవదు. పైగా ఆ ఏడు నెలల హక్కు అద్దెదారు చేతికి ఇచ్చినవాళ్లవుతారు.

డిపాజిట్ సంగతి. ఎంత తీసుకోవాలన్న దానికి ఫ్లోరిడాలో పరిమితి లేదు, దాచే పద్ధతికి మాత్రం ఉంది. 83.49 సెక్షన్ ప్రకారం ఫ్లోరిడా బ్యాంకులో విడి ఖాతాలో ఉంచాలి, లేదా ష్యూరిటీ బాండు (ఆ డబ్బుకు హామీ పత్రం) తీసుకోవాలి. మీ జీతం పడే ఖాతాలో కలపకూడదు. సీజన్ ఇళ్లవాళ్లు గమనించనిది ఇంకోటి ఉంది: ముందస్తు అద్దెకూ ఇదే నియమం. జనవరిలోనే నాలుగు నెలల అద్దె తీసుకుంటే, ప్రస్తుత నెలది, వెంటనే వచ్చే నెలది పోను మిగిలింది ఆ విడి ఖాతాలోనే ఉండాలి. ఆ డబ్బుతో రూఫ్ బాగుచేయించకండి.

అద్దెదారు వెళ్లాక రెండు గడువులు. ఏమీ పట్టుకోకపోతే 15 రోజుల్లో పూర్తి డిపాజిట్ తిరిగివ్వాలి. పాడైన సోఫాకో పగిలిన గ్లాస్ టాప్‌కో కొంత పట్టుకోవాలంటే 30 రోజుల్లోపు ఎంత, దేనికి అన్నది రాసి, అతని చివరి చిరునామాకు సర్టిఫైడ్ మెయిల్‌లో, లేదా ఇద్దరూ ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటే ఈమెయిల్‌లో, నోటీసు పంపాలి. ఒక్కరోజు దాటినా డిపాజిట్ లోంచి పట్టుకునే హక్కు పోతుంది. తిరిగిచ్చేసి, నష్టానికి వేరే దావా వేసుకోవాలి. వాట్సాప్‌లో ఫొటోలు పంపి 'చూశారుగా' అంటే నోటీసు అయిపోదు. నోటీసు అందాక అభ్యంతరం చెప్పడానికి అద్దెదారుకి 15 రోజులు ఉంటాయి. ఫర్నిచర్‌తో సహా ఇచ్చే ఇల్లు కాబట్టి, వచ్చిన రోజు ఒకటి, వెళ్లిన రోజు ఒకటి, గది గదికీ వీడియో, రిమోట్లతో సహా సామాన్ల జాబితా ఉండాలి. వచ్చిననాడు జాబితా మీద సంతకం తీసుకోకపోతే వెళ్లేనాటి వీడియోకి విలువ సగమే.

అన్నిటికన్నా భయపెట్టేది ఏప్రిల్ 30న ఖాళీ చేయాల్సినవాళ్లు చేయకపోవడం. 83.58 సెక్షన్ ఇక్కడ మీ ఆయుధం: గడువు దాటాక మీ అనుమతి లేకుండా ఉన్నన్ని రోజులకు రెట్టింపు అద్దె అడగవచ్చు. లీజులో చివరి తేదీ, గంట స్పష్టంగా ఉండాలి. 'ఇద్దరికీ ఇష్టమైతే కొనసాగవచ్చు' లాంటి మాటలు రాయకండి. గడువు దాటాక మే నెల అద్దె అంటూ పంపిన డబ్బు తీసుకుంటే, అనుమతి ఇచ్చినట్టేనని అతను వాదించే వీలు మీరే కల్పించినవాళ్లవుతారు.

కోపం వచ్చి తాళం మార్చడం, కరెంటు కోయించడం, సామాను బయట పెట్టించడం మాత్రం చేయకండి. 83.67 కింద అసలు నష్టం లేదా మూడు నెలల అద్దె, ఏది ఎక్కువైతే అది మీరే చెల్లించాలి, లాయరు ఖర్చులతో సహా. తాళం మార్చి పది నిమిషాల్లో పని ముగించినవాళ్లు, దావా వేస్తే కొన్ని వారాల్లో వచ్చే ఇంటికి అంత సొమ్ము కడతారు.

అద్దె ఎగ్గొడితే దారి ఇది. శని, ఆదివారాలు, చట్టపరమైన సెలవులు లెక్కలోకి తీసుకోకుండా మూడు రోజుల నోటీసు. అందులో అద్దె మొత్తమే ఉండాలి. లీజులో లేట్ ఫీజుని అద్దెలో భాగంగా రాయకపోతే దాన్ని కలపకూడదు; కలిపితే ఆ తప్పు మీదే కేసు వీగిపోవచ్చు. తర్వాత కౌంటీ కోర్టులో దావా. సమన్లు అందాక, సెలవులు పోను, ఐదు రోజుల్లో అతను జవాబు ఇచ్చి, బాకీ అద్దెను కోర్టులో జమ చేయాలి. చేయకపోతే, అద్దె కట్టేశానన్నది తప్ప మిగతా వాదనలు వదులుకున్నట్టే. తీర్పు వచ్చాక షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) తలుపు మీద 24 గంటల నోటీసు అంటించి ఇల్లు అప్పగిస్తాడు. ఇల్లు ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరున ఉంటే కోర్టులో లాయరు ద్వారానే నడపాల్సి వస్తుందని ముందే లెక్క వేసుకోండి.

వేసవిలో ఖాళీగా ఉన్న ఇంట్లోకి ఎవరో చొరబడితే అది వేరే దారి. 2024 జూలై 1 నుంచి 82.036 సెక్షన్ కింద షెరీఫ్‌కి ప్రమాణపూర్వక ఫిర్యాదు ఇస్తే కోర్టు లేకుండానే వాళ్లను పంపించవచ్చు. అయితే ప్రస్తుత అద్దెదారుకు గానీ, పాత అద్దెదారుకు గానీ ఇది వర్తించదు. గడువు దాటి కూర్చున్న స్నోబర్డ్ మీద దీన్ని వాడబోతే తిరిగి మీరే నష్టపరిహారం కట్టాలి.

కాండో (సొంతంగా కొనుక్కునే అపార్ట్‌మెంట్ ఫ్లాట్), హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు కొనకముందే చదవండి. కొత్తగా తెచ్చే అద్దె ఆంక్షలు కాండోల్లో, వాటికి ఒప్పుకున్నవాళ్లకు, ఆ తర్వాత కొన్నవాళ్లకే వర్తిస్తాయి. 2021 జూలై 1 తర్వాత హెచ్‌ఓఏలకూ దాదాపు ఇదే వర్తిస్తుంది గానీ, ఆరు నెలల లోపు అద్దెలను నిషేధించడం, ఏడాదికి మూడుసార్లకు మించి ఇవ్వకుండా ఆపడం మాత్రం అందరి మీదా చెల్లుతుంది. అంటే హెచ్‌ఓఏ ఇంట్లో సీజన్ వ్యాపారం ఎప్పుడైనా ఆగిపోవచ్చు. నన్నడిగితే ఈ పనికి కాండోనే నయం.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు అద్దె ఆదాయం పొందడం వేరు, రోజూ అతిథులను చూసుకుంటూ వ్యాపారంలా నడపడం వేరు. రెండోది వీసాకి చిక్కు తేవచ్చు. లైసెన్సున్న ఫ్లోరిడా బ్రోకరుకు నిర్వహణ అప్పగించండి. ఇంటి భీమా కూడా సొంత నివాసానికి తీసుకున్నదే ఉంటే, అద్దెదారు ఉండగా జరిగిన నష్టానికి కంపెనీ మొండిచెయ్యి చూపవచ్చు. అద్దె ఇళ్లకిచ్చే పాలసీకి మార్చుకున్నాకే లిస్టింగు పెట్టండి.