ప్రాథమిక పాఠశాలకు ఖర్చు లేని సాంకేతిక సాధనాలు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు పంపిన ప్రశ్నలలో ఒకే విషయానికి చెందినవాటిని ఈసారి ఒకచోట చేర్చాము. పాఠశాలల పేర్లు ప్రకటించడం లేదు.

ప్రశ్న: మాది గజపతినగరం దగ్గర ఇద్దరు ఉపాధ్యాయులున్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. మా ఊరి నుంచి వెళ్లి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న ఒకాయన, తమ కార్యాలయంలో పక్కన పెట్టేసిన ఐదు ల్యాప్‌టాప్‌లను బడికి ఇచ్చారు. వాటిలో నాలుగు జీబీల ర్యామ్, విండోస్ 10 ఉన్నాయి. విండోస్ 10కు ఇక మద్దతు లేదంటున్నారు. ఇంటర్నెట్ అంటే నా ఫోను హాట్‌స్పాటే. వీటిని పిల్లలకు ఎలా పనికొచ్చేలా చేయాలి?

సమాధానం: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 (యంత్రంలోని భద్రతా చిప్) వంటి హంగులు ఉండాలి కనుక, పాత యంత్రాలలో చాలావాటికి ఆ దారి మూసుకుపోయినట్లే. అయినా అవి పారవేయవలసినవి కావు. విండోస్ బదులు వాడుకోదగిన ఉచిత లినక్స్ వ్యవస్థలలో, తక్కువ ర్యామ్‌తో నడిచే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని, లుబుంటు గాని వాటిలో చక్కగా పనిచేస్తాయి; కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి ఉబుంటు అనే లినక్స్ ఆధారంగా తయారుచేసుకున్న వ్యవస్థతోనే పాఠాలు చెబుతున్నాయి కనుక, ఇది ఎవరూ నడవని దారి కాదు. చేతి నుంచి కొంత డబ్బు పెట్టగలిగితే పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ (అంతకంటే చాలా వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి. యంత్రం తెరుచుకోవడానికే పది నిమిషాలు పడితే నలభై నిమిషాల పీరియడులో పాఠానికి మిగిలేది ఏమీ ఉండదు.

మింట్ ఫైలు దాదాపు మూడు జీబీలు ఉంటుంది కాబట్టి మంచి ఇంటర్నెట్ ఉన్న చోట ఒకసారి దించుకుని, రూఫస్ అనే ఉచిత సాధనంతో ఎనిమిది జీబీల పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. వెంటనే ఇన్‌స్టాల్ చేయవద్దు. పెన్‌డ్రైవ్ నుంచే యంత్రాన్ని నడిపి, శబ్దం వస్తున్నదా, వై-ఫై అందుతున్నదా, టచ్‌ప్యాడ్ పలుకుతున్నదా అని ఒక్కొక్కటే చూసుకున్న తరువాతనే ముందుకు వెళ్లండి. ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి, తమకు కావలసిన ఫైళ్లు అందులో ఏవైనా మిగిలాయేమో దాతను ముందుగా అడగడం మర్యాద కూడా, జాగ్రత్త కూడా. పాస్‌వర్డ్‌తో ఉపాధ్యాయునికి ఒక ఖాతా, ఏ మార్పులూ చేయడానికి అధికారం లేని ఖాతా ఒకటి పిల్లలకు పెట్టండి. ఒక యంత్రాన్ని పూర్తిగా సిద్ధం చేసుకుంటే, క్లోన్‌జిల్లా అనే ఉచిత సాధనంతో దాని ప్రతిని మిగిలిన నాలుగింటిలోకి దించవచ్చు. ఆ ప్రతిని దించే డిస్క్ మొదటిదాని కంటే చిన్నది కాకుండా చూసుకుంటే చాలు. మీ ఫోను డేటా ఐదుసార్లు కరిగిపోదు.

ఇక లోపల ఏమి పెట్టాలన్నది. ఒకేసారి యాభై ప్రోగ్రాములు నింపాలనిపిస్తుంది, కాని మొదటి ఏడాదికి రెండు చాలు. జీకాంప్రి రెండు నుంచి పదేళ్ల పిల్లల కోసం 2000 సంవత్సరంలో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. మౌస్ పట్టుకోవడం నుంచి లెక్కలు, గడియారం చూడడం వరకు వందకు పైగా ఆటలు అందులో ఉన్నాయి. అనువాదం పూర్తికాని చోట ఇంగ్లీషే కనిపిస్తుంది కాబట్టి, చదవవలసిన అవసరం లేని ఆటలను మీరే ముందుగా ఆడి చూసి ఎంచుకోండి. రెండవది టక్స్ పెయింట్. 2002లో వచ్చిన ఈ బొమ్మల ప్రోగ్రాములో పిల్లలు ఫైలుకు పేరు పెట్టనక్కర లేదు. సేవ్ నొక్కితే చాలు, గీసిన బొమ్మ వరుసలో చేరి, మళ్లీ తెరిచినప్పుడు చిన్న చిత్రంగా కనిపిస్తుంది. ఒకటో తరగతి పిల్లలకు ఇంతకంటే సౌకర్యం మరొకటి లేదు. అయితే దానిలోని ప్రతి పనికీ ఒక చప్పుడు ఉంటుంది. ఐదు యంత్రాలు ఒక్కసారిగా మోగితే పక్క తరగతి నడవదు కాబట్టి, సెట్టింగ్‌లలోకి వెళ్లి ఆ శబ్దాలను ముందే ఆపేయండి.

ప్రశ్న: సోంపేట ప్రాంతంలోని మా బడిలో నాడు-నేడు కింద వచ్చిన స్మార్ట్ టీవీ ఉంది. వీడియో మధ్యలో నెట్ ఆగిపోతే పిల్లల అల్లరి పట్టలేకపోతున్నాము. గాలీవానా వచ్చిందంటే రోజుల తరబడి నెట్ ఉండదు. ఏమి చూపించాలి, ఎలా చూపించాలి?

సమాధానం: ఆ టీవీని ఇంటర్నెట్ లేని పరికరంగానే భావించి ఏర్పాట్లు చేసుకోండి, నెట్ అందిన రోజు అదనపు లాభం. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన దీక్ష వేదికలోని పాఠాలను, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తెరవడమే కాకుండా, యాప్‌లోకి దించుకుని నెట్ లేకుండా కూడా చూపవచ్చు. ముందురోజు రాత్రి ఇంటి వద్ద దించుకుని, ఉదయం చూపించడం అలవాటు చేసుకోండి. ల్యాప్‌టాప్ ఉంటే హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలపడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ఫోను తెరను గాలిలో టీవీకి పంపే ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది గాని, పాఠం మధ్యలో తెగిపోయేది కూడా అదే.

వీడియోల కంటే కథల పుస్తకాలు ఎక్కువ మేలు చేస్తాయని మా అభిప్రాయం. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు తెలుగులో, చదివే స్థాయిని బట్టి విడదీసి దొరుకుతాయి. మూలాన్ని, రచయితను, చిత్రకారుని పేర్కొంటే వాటిని దించుకోవడానికి, అచ్చువేసుకోవడానికి, పంచుకోవడానికి లైసెన్సు అనుమతిస్తుంది. పీడీఎఫ్ ఫైళ్లను తెరవని టీవీలు ఉన్నాయి. అటువంటప్పుడు పుటలను బొమ్మలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో పెడితే, ఫొటోలు చూపినట్లే టీవీ వాటిని వరుసగా చూపుతుంది. వెనుక వరుసలో కూర్చుని ఒకసారి మీరే చదివి చూడండి. అక్కడికి అక్షరాలు ఆనకపోతే ఆ కథను తెర మీద కాకుండా కాగితం మీదనే ఇవ్వడం నయం.

కొలిబ్రి అనే మరొక ఉచిత వ్యవస్థ ఉంది. ఒక ల్యాప్‌టాప్‌లో పాఠాలన్నీ నింపి, ఇంటర్నెట్ లేని మామూలు వై-ఫై రౌటర్ ద్వారా మిగిలిన ట్యాబ్‌లకు, ల్యాప్‌టాప్‌లకు అందించే ఏర్పాటు అది. పనితీరులో వంక పెట్టలేము. కాని దానిని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి కాబట్టి, ఇద్దరు ఉపాధ్యాయుల బడికి భారమవుతుంది. చుట్టుపక్కల బడులకు కేంద్రంగా ఉండే కాంప్లెక్స్ పాఠశాలలో పెట్టుకోదగినది.

సోంపేటవారికి తుపాను సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తీరం దాటింది మీ ఉద్దానం పరిసరాలలోనే. హెచ్చరిక రాగానే టీవీ ప్లగ్గును, కేబుల్ తీగను గోడ నుంచి పూర్తిగా పీకివేయండి. స్విచ్ ఆపితే చాలదు. ల్యాప్‌టాప్‌లను కిటికీకి దూరంగా ఉన్న బీరువాలో పై అరలో పెట్టండి. దించుకున్న పాఠాలన్నిటికీ ఒక ప్రతి మరొక పెన్‌డ్రైవ్‌లో, బడిలో కాకుండా వేరే చోట ఉండాలి.

ప్రశ్న: డీటీపీ సెంటర్‌లో టైపు చేయించిన తెలుగు ప్రశ్నపత్రం మా బడి కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. ఫాంటు కొనుక్కోవాలా? (చీపురుపల్లి)

సమాధానం: కొనవద్దు. ఆ పత్రం, ప్రతి భాష అక్షరానికీ ఒక నిర్ణీత సంకేతం ఇచ్చే యూనికోడ్‌కు ముందటి పద్ధతిలో తయారైనది; ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలను కూర్చిన ఫాంటు అది, కాబట్టి ఆ ఫాంటు లేని చోట అసలు రూపం బయటపడుతుంది. ఇకమీదట యూనికోడ్‌లోనే టైపు చేసి ఇవ్వమని సెంటర్‌వారిని అడగండి, దానితోపాటు పీడీఎఫ్ ప్రతి కూడా తీసుకోండి. మీరే తయారుచేసుకోదలిస్తే, పత్రాలు రాసుకునే లిబ్రేఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది. యూనికోడ్ తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు గిడుగు, మరొకదాని పేరు గురజాడ. ఈ రెండు జిల్లాల బడులు ప్రశ్నపత్రాన్ని వాటిలోనే అచ్చువేసుకుంటే చూడడానికి ముచ్చటగా ఉంటుంది. టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోండి. అచ్చులు ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు ఉండడం వల్ల, వర్ణమాల వచ్చిన ఐదో తరగతి పిల్లలు కూడా దానిని త్వరగానే పట్టుకుంటారు.

ప్రశ్న: ఒక ఉచిత యాప్‌లో మా తరగతి పిల్లలందరినీ నమోదు చేయమని తెలిసినవారు సూచించారు. అది ప్రతి పిల్లవాని పేరు, పుట్టిన తేదీ, ఫొటో, తల్లి ఫోను నంబరు అడుగుతున్నది. ఇవ్వవచ్చునా? (ఒక ఉపాధ్యాయిని, బొబ్బిలి)

సమాధానం: ఇవ్వకండమ్మా. విద్యాశాఖ తన ఉత్తర్వుల ద్వారా వాడమన్న యాప్‌ల సంగతి వేరు. బయటి యాప్ ఏదైనా సరే, కూడికలు నేర్పడానికి తల్లి ఫోను నంబరుతో దానికి పనేమిటి? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి సరిచూడదగిన అనుమతి ఉండాలి. పిల్లలను గురిచేసుకుని ప్రకటనలు చూపడాన్ని కూడా ఆ చట్టం నిషేధిస్తున్నది. తరగతి ఉపాధ్యాయురాలు తానుగా నమోదు చేసినంత మాత్రాన అది తల్లిదండ్రుల అనుమతి కాదు.

ఏ యాప్‌నైనా పిల్లల ముందుకు తెచ్చే ముందు మీ ఫోనులో ఒక పరీక్ష చేయండి. దించుకున్న తరువాత ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఏ ఖాతా తెరవకుండా దానిని నడపండి. నడిస్తే సగం భయం తీరినట్లే. ఆ తరువాత నెట్ కలిపి పది నిమిషాలు వాడి చూడండి. ప్రకటనలు వచ్చినా, మూడవ పాఠం దగ్గర డబ్బు అడిగినా దానిని పక్కన పెట్టండి, ఎందుకంటే పిల్లలు దానికి అలవాటు పడ్డాక మానిపించడం కష్టం. ఖాతా తప్పనిసరి అయి, యాప్ నిజంగా మంచిదైతే, ఉపాధ్యాయురాలి పేరుతో తరగతికంతా ఒకే ఖాతా తెరిచి, పిల్లలను హాజరు సంఖ్యలతో గుర్తించండి. ఫొటోలు మాత్రం వద్దు.

ప్రశ్న: మెళియాపుట్టి మండలంలోని మా బడిలో ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో సవర మాట్లాడుతారు. వారి భాషలో పనికొచ్చే యాప్ ఏదైనా ఉందా?

సమాధానం: యాప్ కోసం వెతకడం కంటే మీ ఊరిలోనే పాఠం తయారుచేసుకోవడం మేలు. ఊరిలోని పెద్దవారితో ఒక సవర కథ చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో దగ్గులు, ఖాళీలు కత్తిరించండి. పిల్లలు టక్స్ పెయింట్‌లో గీసిన బొమ్మలను లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో ఒక్కొక్క పుటకు ఒకటి చొప్పున పెట్టి, ఆ గొంతును జత చేయండి. ప్రతి బొమ్మ కింద ఒక్క వాక్యం మాత్రం తెలుగు లిపిలో సవర మాటలతో రాయండి. మన రాష్ట్రంలో 2004 నుంచి నడిచిన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి కనుక, వాటి పాత ప్రతులు దొరుకుతాయేమో ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో విచారించండి. రాతలో మీకు వచ్చే సందేహాలు చాలావరకు వాటితో తీరుతాయి. కథ చెప్పినవారి అనుమతి లేకుండా ఆ రికార్డును ఇంటర్నెట్‌లో పెట్టవద్దు.

ప్రశ్న: మూడో తరగతికి స్క్రాచ్ నేర్పవచ్చునా? మా యంత్రాలు లినక్స్‌వి. (కొత్తవలస)

సమాధానం: నేర్పవచ్చు. దిమ్మెలను కలుపుతూ ప్రోగ్రాములు రాయడం నేర్పే స్క్రాచ్‌ను ఎనిమిదేళ్లు, ఆపైన వయసు వారికని తయారుచేశారు. అంతకంటే చిన్నవారికి, చదవనవసరం లేని బొమ్మల దిమ్మెలతో నడిచే స్క్రాచ్ జూనియర్ ట్యాబ్‌లలో దొరుకుతుంది. నెట్ లేకుండా నడిచే అధికారిక స్క్రాచ్ యాప్ లినక్స్‌కు లేదు. దాని బదులు టర్బోవార్ప్ డెస్క్‌టాప్ వేసుకోండి, స్క్రాచ్ ఫైళ్లు అందులో తెరుచుకుంటాయి.

ప్రశ్న: కంప్యూటర్లన్నీ ఏర్పాటు చేసిన మాస్టారు బదిలీ మీద వెళ్లిపోయారు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. లినక్స్ అని మాత్రం తెలుసు. (రణస్థలం)

సమాధానం: ముందు ఆయనకు ఫోను చేయండి. ఆయనకూ గుర్తు లేకపోతే, యంత్రం మొదలయ్యేటప్పుడు షిఫ్ట్ లేదా ఎస్కేప్ మీట నొక్కి రికవరీ మోడ్‌లోకి వెళ్లి కొత్త పాస్‌వర్డ్ పెట్టవచ్చు. లినక్స్ తెలిసిన ఇంజినీరింగ్ విద్యార్థి ఎవరైనా ఈ పని చేసిపెట్టగలరు. డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే ఏమీ చదవనీయని తాళం) పెట్టి ఉంటే ఈ దారి పనిచేయదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసిందే. పిల్లల యంత్రాలకు ఎన్‌క్రిప్షన్ వద్దు, అలాగే వాటిలో మార్కులు, ఆధార్ వివరాలు వంటివి దాచనూ వద్దు.

ఆ పని అయ్యాక స్టాకు రిజిస్టరులో ఈ యంత్రాలకు ఒక పుట కేటాయించండి. ఏ యంత్రంలో ఏ వ్యవస్థ ఉన్నది, ఎప్పుడు ఇన్‌స్టాల్ చేశారు, ఆ పెన్‌డ్రైవ్ ఏ అరలో ఉన్నది అనేవి అందులో తెలుగులో రాసి ఉండాలి. పాస్‌వర్డ్‌ను మాత్రం ఆ పుటలో కాకుండా, మూసిన కవరులో రాసి ప్రధానోపాధ్యాయుని బీరువాలో పెట్టి, బాధ్యతలు అప్పగించేటప్పుడు తాళాలతోపాటు ఆ కవరును కూడా అప్పగించేలా చూడండి.