ఎట్లా తెలిసిందో రాయమ్మాయ్

కావలి

చిరంజీవి అమ్మాయికి,

వైరస్‌లకు కణంలో ఏయే ప్రొటీన్లు అవసరమో రాసి కందుకూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. ఇక మూడో పేజీ సంగతి.

"బర్డ్ ఫ్లూ వైరస్ పెరగాలంటే కోడి కణంలో ఏఎన్‌పీ32ఏ అనే ప్రొటీన్ ఉండాలని 2016లో లండన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు." అంతే రాశావు. ఆ వెంటనే కుట్ర, దొంగ, శత్రుసైన్యం అంటూ మొదలుపెట్టావు. ఏందమ్మాయ్ ఇది? కోడి కణంలో వేల రకాల ప్రొటీన్లుంటే వాళ్లకు ఇదెట్లా దొరికింది? 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లా చాటగొట్లలో, గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూతో కోళ్లు చచ్చిపోతున్నప్పుడు ఒక రైతు నన్నడిగాడు, "ఇది కోళ్లను ఇట్లా తుడిచిపెడుతుంది గదా, మనుషులకు ఇంత తేలిగ్గా ఎందుకు రాదు సార్?" అని. ఆయనకు చెప్పాల్సిన జవాబులో ఒక భాగం నీ చేతిలోనే ఉంది. దాన్ని ఒక వాక్యంలో పూడ్చేశావు.

పక్షుల ఫ్లూ వైరస్ తన జన్యువులకు నకళ్లు తీసుకునే పాలిమరేజ్ కోడి కణంలో జోరుగా పనిచేస్తుంది. మన కణంలో, హామ్‌స్టర్ కణంలో చతికిలబడుతుంది. అంటే కోడిలో ఉన్నదేదో వీటిలో లేదు. కోడి క్రోమోజోములను రేడియేషన్‌తో ముక్కలు చేసి, ఆ ముక్కలను హామ్‌స్టర్ కణాల్లో చేర్చి తయారుచేసిన కణాల రకాలు ఉన్నాయి. లండన్ వాళ్లు వాటిలో పాలిమరేజ్‌ను పెట్టి, ఏ రకంలో అది లేచి పనిచేస్తుందో చూశారు. పనిచేసిన చోట ఏయే కోడి ముక్కలున్నాయో జల్లెడ పడితే ఏఎన్‌పీ32ఏ తేలింది. ఆ ప్రొటీన్ మనకూ ఉంది. కోడిదాంట్లో ఉన్న 33 అమైనో ఆమ్లాల అదనపు భాగం మాత్రం మనదాంట్లో లేదు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీ పాఠకుడికి ఆ భాగ్యం లేకుండా చేశావు.

ఎట్లా తెలిసిందో చెప్పలేని సంగతి అసలు రాయొద్దు. ముసలాడి చాదస్తం అనుకుంటావో ఏమో, అనుకో. దీనికోసం నేను ఎడిటర్లతో పడని గొడవ లేదు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ మన తీరంలో టైగర్ రొయ్యల చెరువులను ఊడ్చేసినప్పటి నుంచి దాని వెంట పడి చదువుతున్నా. ఆ వైరస్ పైపొరలో ఉన్న వీపీ28 అనే ప్రొటీన్, రొయ్యలోని రబ్7 అనే ప్రొటీన్‌ను అంటుకుంటుందని 2006లో థాయ్‌లాండ్ వాళ్లు చూపించారు. అంటుకున్నంత మాత్రాన అది లేకపోతే వైరస్‌కు గడవదని కాదు గదా. తర్వాత రొయ్యలో రబ్7 తయారవకుండా అణిచి చూస్తే వైరస్ సరిగా పెరగలేదు. ఈ రెండో మెట్టు గురించి ఒక పేరా రాసి పంపితే, ఒక పత్రిక ఎడిటర్ సరిగ్గా ఆ పేరానే కోసేసి అక్కడ "రైతులు తగు జాగ్రత్తలు తీసుకోవాలి" అని అతికించాడు. ఏ జాగ్రత్తలో ఆయనకే తెలియాలి. "మన పాఠకులకు ప్రయోగాలు ఎక్కవు సార్" అని పైగా నాకు పాఠం. రొయ్యపిల్ల కొనేముందు దానిలో వైరస్ ఉందో లేదో చెప్పే పీసీఆర్ రిపోర్టు అడిగే రైతులున్న జిల్లా ఇది!

నీ డెంగీ పేరాదీ అదే జబ్బు. డెంగీ వైరస్‌కు మన కణంలో ఏవి అవసరమో వెతకడానికి లక్షల మనిషి కణాలు తీసుకుని, జన్యువులను కోసే క్రిస్పర్ పద్ధతితో ఒక్కో కణంలో ఒక్కో జన్యువును చెడగొట్టి, అన్నిటి మీదా వైరస్ వదిలారు. చాలావరకు చచ్చాయి. బతికి బయటపడ్డవాటిలో ఏ జన్యువు చెడిందో చదివారు. ఏ ఫ్యూజు పీకితే బోరు మోటారు ఆగుతుందో చూసుకోవడం లాంటిదే. ప్రొటీన్లకు చక్కెర గొలుసులు తగిలించే ఎస్‌టీటీ3ఏ 2016లో అట్లాగే బయటపడింది. చెడగొట్టిన కణంలో ఆ జన్యువును తిరిగి పెడితే వైరస్ మళ్లీ పెరగాలి, అప్పుడే నమ్మాలి.

హెచ్‌ఐవీ మీద 2008లో మూడు బృందాలు వేల జన్యువులను ఒక్కొక్కటిగా అణిచి చూశాయి. ఒక్కో జాబితాలో వందల పేర్లు. మూడింటిలోనూ ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాడిన కణాలు వేరు, చూసిన సమయాలు వేరు, అణచడమూ పూర్తిగా జరగదు. నువ్వేమో ఒక జాబితా పట్టుకుని, "250కి పైగా ప్రొటీన్లు హెచ్‌ఐవీకి అవసరం" అని తేల్చేశావు.

చివర్లో కోడిలోని ఏఎన్‌పీ32ఏను మార్చేస్తే బర్డ్ ఫ్లూ పీడ విరగడైనట్టే అన్నావు. 2023లో ఎడిన్‌బరా, లండన్ వాళ్లు ఏఎన్‌పీ32ఏలో రెండు అమైనో ఆమ్లాలు మార్చిన కోళ్లను పెంచారు. మామూలు మోతాదులో పదింట తొమ్మిదికి వైరస్ సోకలేదు. మోతాదు వెయ్యి రెట్లు చేస్తే సగం కోళ్లకు సోకింది. పైగా వైరస్ తానే మారిపోయి, దగ్గరి బంధువులైన ఏఎన్‌పీ32బీ, ఏఎన్‌పీ32ఈలతో పని జరుపుకుంది. ఇంత కథ ఉండగా దొంగా పోలీసు ఆట ఎందుకు?

పుస్తకం ఎవరు వేస్తారని, ఇంగ్లీషులో రాస్తే మేలా అని అడిగావు. అవి ఇప్పుడెందుకు. మూడో పేజీ, డెంగీ పేరా తిరగరాసి పంపు. రాసేటప్పుడు ఇంకో సంగతి కూడా చూడు. ఒక జన్యువు చెడిపోతే కణమే బతకదనుకో. అది వైరస్‌కు ఎంత అవసరమైనదైనా, ఈ క్రిస్పర్ పద్ధతికి ఎట్లా దొరుకుతుంది? నీ వ్యాసంలో ఆ మాటే లేదు.

ఆశీస్సులతో