ఖాళీకి కూడా చోటు కావాలి

ప్రశ్న: మాకు టవర్ క్లాక్ దగ్గర చిన్న ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు 20,000 దాకా, ఒక్కొక్కటి 30 కేబీ చొప్పున, కొత్త 128 జీబీ పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. ప్రాపర్టీస్‌లో సైజ్ దాదాపు 586 ఎంబీ అనీ, 'సైజ్ ఆన్ డిస్క్' 2.44 జీబీ అనీ ఉంది. హార్డ్‌డిస్కులో ఇంత తేడా లేదు. పెన్‌డ్రైవు నకిలీదా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఈ లెక్కను బట్టి నకిలీదని అనలేము. ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే ఏర్పాటును ఫైల్‌సిస్టమ్ అంటారు. అది డిస్కును సమానమైన బ్లాకులుగా విభజించి, ఒక్కో ఫైలుకు పూర్తి బ్లాకులనే కేటాయిస్తుంది. మార్కెట్ యార్డులో ఇద్దరు రైతుల శనక్కాయలను ఒకే గోతంలో పోయరు కదా, ఇక్కడా నియమం అదే. 32 జీబీ దాటిన పెన్‌డ్రైవును ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్‌సిస్టమ్ పద్ధతిలో ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ మామూలుగా ఎంచుకునే బ్లాకు 128 కేబీ. అందులో మీ ఫోటో 30 పోగా 98 కేబీ ఖాళీయే. దాన్ని 20,000తో హెచ్చిస్తే మీకు కనిపించిన తేడా వస్తుంది. హార్డ్‌డిస్కులో విండోస్ వాడే ఫైల్‌సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో బ్లాకు సాధారణంగా 4 కేబీ కాబట్టి ఫోటోకు 2 కేబీకి మించి పోలేదు.

అలాంటప్పుడు అన్నిచోట్లా చిన్న బ్లాకులే పెట్టవచ్చు కదా అనిపిస్తుంది. కానీ బ్లాకులు చిన్నవైతే వాటి సంఖ్య పెరుగుతుంది, ఏది ఎవరిదో రాసుకునే చిట్టా కూడా పెరుగుతుంది. ఎక్స్‌ఫ్యాట్ పట్టికలో బ్లాకుకు 4 బైట్లు పడతాయి: మీ పెన్‌డ్రైవుకు 128 కేబీ బ్లాకులతో ఆ పట్టిక సుమారు 4 ఎంబీ, 4 కేబీ బ్లాకులతో 128 ఎంబీ. పెద్ద వీడియో ముక్కలు చెల్లాచెదురయ్యే అవకాశమూ చిన్న బ్లాకులతోనే ఎక్కువ. కెమెరా వీడియోల కోసం కొనేవారికి 128 కేబీ సరిగ్గా సరిపోతుంది. చిన్న ఫోటోల స్టూడియోకే అది అచ్చిరాలేదు.

ఈ పేచీ పాతదే. 512 బైట్ల బ్లాకులున్న తొలినాటి యూనిక్స్ (ఒక ఆపరేటింగ్ సిస్టమ్) ఫైల్‌సిస్టమ్ డిస్కు వేగంలో 2 శాతానికి మించి వాడుకోలేకపోయింది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1984లో ప్రచురించిన పద్ధతిలో బ్లాకును 4096 బైట్లకు పెంచారు. అలా పెంచి ఊరుకుంటే చిన్న ఫైళ్లే ఎక్కువగా ఉన్న ఆనాటి డిస్కుల్లో 45 శాతం చోటు వృథా అయ్యేది. అందుకని ఫైలు చివర మిగిలిన తునకల కోసం మాత్రం బ్లాకును చిన్న భాగాలుగా చీల్చి, వేర్వేరు ఫైళ్లు దాన్ని పంచుకునే వీలు కల్పించారు. ఫైలు పెరిగినప్పుడల్లా ఆ తునకను వేరే చోటికి మార్చాల్సిన చాకిరీ ఉన్నా, నా దృష్టిలో ఇది చాలా తెలివైన రాజీ. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ సదుపాయం లేదు.

ఇక మీరు చేయగలిగింది. ఫోటోలన్నిటినీ ఒకే జిప్ ఫైలుగా కట్టి ఎక్కిస్తే ఖాళీ మిగిలేది చివరి బ్లాకులో మాత్రమే. కాపీ కూడా త్వరగా అవుతుంది. విడివిడిగానే కావాలంటే పెన్‌డ్రైవులో ఉన్నదంతా వేరే చోట భద్రపరచి, మళ్లీ ఫార్మాట్ చేసేటప్పుడు 'అలొకేషన్ యూనిట్ సైజ్' (అంటే బ్లాకు సైజు) దగ్గర 32 కేబీ ఎంచుకోండి. అప్పుడు ఒక్కో ఫోటో ఒక్కో బ్లాకులో దాదాపు నిండుగా కూర్చుంటుంది, మొత్తం 625 ఎంబీలో సర్దుకుంటుంది.