కొలెస్ట్రాల్ ఎక్కువుంటే చిగుళ్ళ జబ్బు పెరుగుతుందా?

మీ నాన్నగారు రెండు పూటలా బ్రష్ చేసినా చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని, రిపోర్టులో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) ఎక్కువ వచ్చాయని, రెండింటికీ సంబంధం ఉందా అని మీరు అడిగారు. ఉందండి. నేనూ ఈ బాధ పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. నాలుగేళ్ళ కిందట, మంచి సీజన్లో, జామకాయ కొరికితే తెల్లటి గుజ్జు మీద పళ్ళ గుర్తులు ఎర్రగా పడ్డాయి. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "రోజంతా మిరప ఘాటులో కూర్చుంటావు, వేడి చేసింది." మజ్జిగ తాగాను, సబ్జా నీళ్ళు తాగాను. రక్తం వస్తోందని ఆ వైపు బ్రష్ పెట్టడమే మానేశాను. పెద్ద తప్పు చేశాను. గార గట్టిపడి, చివరికి ఒక దవడ పన్ను కదలడం మొదలైంది.

కొత్తపేటలో పళ్ళ డాక్టరమ్మ గారు గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని చిగురు సందులో పెట్టి కొలిచారు. 3 మిల్లీమీటర్ల లోపు ఉండాల్సిన సందు రెండు చోట్ల 6 ఉంది. షుగర్ చూపించారు, నార్మల్. అప్పుడు లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, రాశారు. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాలి, నాకు 340.

జబ్బుకి మూలం పంటి మీద పేరుకునే పాచి, అందులోని బ్యాక్టీరియా. వాటిని మింగేయడానికి ముందుగా వచ్చేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు. రక్తంలో కొవ్వు బాగా పెరిగితే వాటి పనితీరు చెడుతుంది. బ్యాక్టీరియా ఉన్న చోటికి వెళ్ళి మింగడం మందగిస్తుంది. ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు, ఎంజైములు మాత్రం అవసరానికి మించి వదులుతాయి. మా యార్డులో హమాలీలు టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, కొక్కెం వేస్తారు. సరిగ్గా పడితే బస్తా లేస్తుంది, అడ్డదిడ్డంగా పడితే గోనె చిరిగి కాయలు నేలపాలు. చిగుళ్ళలో చిరిగేది మన సొంత కండే.

మాక్రోఫేజ్‌లనే ఇంకో రకం తెల్ల కణాలూ అంతే. కొవ్వు ఎక్కువైనప్పుడు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి వాపు పెంచే పదార్థాలను మోతాదు మించి వదులుతాయి. వాటివల్ల పన్నుని పట్టుకున్న ఎముక కరుగుతుంది. నన్ను భయపెట్టింది దీని తర్వాతి సంగతి: అదే టీఎన్ఎఫ్ రక్తంలో కలిసి కాలేయం చేత ఇంకా కొవ్వు తయారుచేయిస్తుంది. అంటే చిగుళ్ళ జబ్బు కొవ్వునీ పెంచగలదు. అందుకే ఒక్కదానికే వైద్యం చేయిస్తే సరిపోదు. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకున్నంత మాత్రాన గార రాలిపోదు కదా.

నాకు రెండు సిట్టింగుల్లో పళ్ళ వేళ్ళ దాకా క్లీనింగ్ చేశారు. ఇంకో పక్క ఫిజీషియన్ మాత్ర ఇచ్చి, సాయంత్రం బజ్జీలు, స్వీట్లు మాన్పించి, అన్నం తగ్గించి నడవమన్నారు. మూడు నెలలకి ట్రైగ్లిజరైడ్స్ 190కి దిగాయి, సందులు 4కి వచ్చాయి. కదిలిన పన్ను మాత్రం పోయింది.

నాన్నగారి చేత బ్రష్ మాన్పించకండి. మెత్తటి బ్రష్, పళ్ళ సందుల్లోకి వెళ్ళే చిన్న బ్రష్ వాడించండి. ఉప్పు, బొగ్గు పెట్టి రుద్దనివ్వకండి. షుగర్ కూడా తప్పకుండా చూపించండి. పళ్ళ డాక్టరు దగ్గరికి లిపిడ్ రిపోర్టుతో పాటు ఆయన వాడే మాత్రల చీటీ కూడా పట్టుకెళ్ళండి. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్ళు ఉబ్బుతాయి. గుండెకి ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే రక్తం ఎక్కువ వస్తుంది. అలాగని మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి, ఆ నిర్ణయం డాక్టర్లది. పన్ను కదలకముందే వెళ్ళండి, దయచేసి.