పాఠకుల ప్రశ్నలు: పలుచని గొట్టం ఎవరి చేతికి?

ప్రశ్న: బాలానగర్‌లో మా నాన్నగారి కాలం నుంచీ లేత్ పనుల వర్క్‌షాప్ నడుపుతున్నాం. ఇటీవలే అప్పు చేసి సీఎన్‌సీ యంత్రాలు కొన్నాం. దుబాయ్‌లోని ఒక ట్రేడింగ్ కంపెనీ మారేజింగ్ స్టీలుతో (మామూలు ఉక్కు కంటే ఎంతో దృఢమైన మిశ్రమ ఉక్కు) పలుచని గొట్టాలు చేసిమ్మని అడుగుతోంది, రేటు కూడా బాగుంది. మా ఆడిటరు గారు మాత్రం స్కోమెట్ అనుమతి, అంటే ప్రభుత్వ ఎగుమతి అనుమతి, లేకుండా పంపకూడదంటున్నారు. ఆయుధాల జోలికి పోని మా వంటి చిన్నవాళ్లకు ఈ నిబంధన ఎందుకండీ?
- ఒక పాఠకుడు, బాలానగర్

జవాబు: మీ ఆడిటరు గారు సరిగ్గా చెప్పారు. సంగతి తేలేదాకా ఆ ఆర్డరును దయచేసి ఆపి ఉంచండి. అప్పు తీర్చవలసినవారికి ఈ మాట ఎంత భారమో తెలిసే చెబుతున్నాను.

గనిలో దొరికే యురేనియంలో అణు విచ్ఛిత్తికి అక్కరకొచ్చే 235 రకం 0.7 శాతమే ఉంటుంది. చాలా దేశాల విద్యుత్ రియాక్టర్లకు దాన్ని 3 నుంచి 5 శాతానికి పెంచితే చాలు, బాంబుకైతే దాదాపు 90 శాతం కావాలి. అలా పెంచే యంత్రమే సెంట్రిఫ్యూజ్. యురేనియం వాయువును నింపిన ఒక సన్నని నిలువు గొట్టాన్ని నిమిషానికి పదుల వేల చుట్లు తిప్పుతారు. బరువైన అణువులు గోడవైపు, తేలికవి నడుమకు చేరతాయి. అంత వేగానికి మామూలు ఉక్కు చీలిపోతుంది కనుక మారేజింగ్ స్టీలు వాడతారు. మన కంచన్‌బాగ్‌లోని మిధానీ లోహ కర్మాగారంలో తయారయ్యే ఈ ఉక్కే రాకెట్ మోటారు కవచాలకూ పనికొస్తుంది. అందుకే ఆ గొట్టం మంచిదా చెడ్డదా అన్నది దాన్ని చూసి చెప్పలేం, అది ఎవరి చేతికి పోతోందో తెలిస్తేనే చెప్పగలం.

2003 అక్టోబరులో దుబాయ్ నుంచి లిబియాకు వెళ్తున్న బీబీసీ చైనా అనే ఓడను దారి మళ్లించి ఇటలీలోని టరాంటో రేవుకు తీసుకెళ్లారు. అందులో వేలకొద్దీ సెంట్రిఫ్యూజ్ భాగాలు బయటపడ్డాయి. వాటిని తయారుచేసింది ఏ రహస్య ఆయుధాగారమో కాదు, మలేషియాలోని ఒక యంత్రభాగాల కర్మాగారం. ఇవి చమురు, గ్యాస్ పరిశ్రమకు కావలసినవని తమకు చెప్పారని ఆ కంపెనీ అన్నది. వెనకనున్నది పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ నడిపిన వలయం. ఆర్డరు తెచ్చినవాడు వేరు, డబ్బు కట్టినవాడు వేరు, సరుకు చేరవలసిన చోటు వేరు. మీకు వచ్చిన ఆర్డరు అలాంటిదేనని నేను అనడం లేదు. అలాంటిది కాదని రూఢి చేసుకునే మార్గమే ఆ అనుమతి.

ఆ ఉదంతం తర్వాత 2004 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1540 తీర్మానం చేసి, ఇటువంటి సరుకుల ఎగుమతిపై ప్రతి దేశమూ చట్టం ద్వారా అదుపు పెట్టాలన్నది. మన పార్లమెంటు 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం తెచ్చింది. స్కోమెట్ అనేది అనుమతి లేనిదే ఎగుమతి చేయకూడని సరుకుల జాబితా. అందులో నేరుగా అణురంగానికి చెందినవాటికి అణుశక్తి విభాగం, మిగతావాటిలో చాలావాటికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ అనుమతిస్తాయి. జాబితాలో పేరు లేని సరుకైనా ఆయుధానికి పోతుందని తెలిసి పంపితే తప్పే. సరుకు కదలకుండా డ్రాయింగునూ తయారీ విధానాన్నీ మెయిల్‌లో పంపినా ఈ అదుపు కిందికే వస్తుంది. ఈ సంగతి చాలామంది వర్క్‌షాప్ యజమానులకు తెలియదు.

ముందుగా మీకొచ్చిన డ్రాయింగు తీసి కుడివైపు కింది గడి చూడండి. కంపెనీ పేరు, భాగం పేరు ఉండవలసిన చోట చెరిపేసి ఉంటే ఎందుకు చెరిపారో అడగండి. గోడ మందంలో వెంట్రుకవాసి తేడా కూడా ఉండకూడదంటూ, ఏ యంత్రానికో మాత్రం చెప్పకపోతే అనుమానించండి. చివరికి వాడుకునేవారి సంతకంతో ఎండ్ యూజ్ సర్టిఫికెట్ అడగండి. నిజమైన కొనుగోలుదారు దానికి నొచ్చుకోడు.

ప్రశ్న: మేం కుషాయిగూడలో ఉంటాం. పక్కనే ఎన్‌ఎఫ్‌సీ ఉంది కదా, అక్కడి యురేనియం దొంగల చేతిలో పడితే బాంబు అవుతుందా? విదేశీ తనిఖీదారులు వస్తారంటారు, నిజమేనా?
- ఒక గృహిణి

జవాబు: అమ్మా, 1971లో ఏర్పడిన ఆ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో ప్రధానంగా తయారయ్యేవి మన భారజల రియాక్టర్లకు కావలసిన ఇంధన కట్టలు. 220 మెగావాట్ల రియాక్టరుకు పోయే కట్ట అరమీటరు పొడవుంటుంది. 19 సన్నని జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో యురేనియం బిళ్లలు పేర్చి మూతలు వేస్తారు. అది సహజ యురేనియమే కనుక దానితో ఎవరూ నేరుగా బాంబు చేయలేరు. అయితే అదే ఇంధనం రియాక్టరులో మండాక అందులో ప్లుటోనియం పుడుతుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కలో 8 కిలోల ప్లుటోనియం ఒక బాంబుకు చాలినంత. కాబట్టి అసలు కాపలా కావలసింది వాడిన ఇంధనానికి.

తనిఖీదారుల మాట నిజమే. వియన్నాలోని ఆ సంస్థతో మన దేశం కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఎన్‌ఎఫ్‌సీలోని కొన్ని విభాగాలు దాని పర్యవేక్షణలో ఉన్నాయి. వారు రికార్డులు చూస్తారు, తూకం సరిచూస్తారు, సీళ్లు పరిశీలిస్తారు. మన బ్యాంకులో సాయంత్రం క్యాషు లెక్క సరిపోయేదాకా ఎవరూ ఇంటికి కదలనట్టే, ఇక్కడా వచ్చిన గ్రాములూ పోయిన గ్రాములూ సరిపోవాలి.

ప్రశ్న: అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేయని మనకు ఇతర దేశాలు యురేనియం ఎలా అమ్ముతున్నాయి?
- డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: 1970లో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం 1967 జనవరి 1కి ముందు అణు పరీక్ష జరిపిన అయిదు దేశాలను మాత్రమే అణ్వస్త్ర దేశాలుగా గుర్తించింది. ఆ విభజన అన్యాయమన్నది మన అభ్యంతరం, ఆ అభ్యంతరం న్యాయమైనదేనని నా అభిప్రాయం. 1974లో పోఖ్రాన్ పరీక్షకు కెనడా సాయంతో కట్టిన రియాక్టరులోని ప్లుటోనియం వాడడంతో, ఇటువంటివి మళ్లీ జరగకుండా అణు సరుకులు అమ్మే దేశాల కూటమి అయిన అణు సరఫరాదారుల బృందం పుట్టింది. పౌర, సైనిక కేంద్రాలను విడదీసి, పౌర రియాక్టర్లను తనిఖీకి తెరుస్తామని మనం మాట ఇచ్చాకనే 2008 సెప్టెంబరులో ఆ బృందం మనకు మినహాయింపు ఇచ్చింది. కజకిస్తాన్, రష్యా, కెనడాల నుంచి వచ్చిన యురేనియం ఆ దారినే వచ్చింది, తనిఖీలో ఉన్న రియాక్టర్లకే పోతుంది.